పన్నెండు ఆదివారాల సెలవుకు ఆరు రోజుల సన్నాహం: పాస్టర్ల కోసం నడిచే ఒక విశ్రాంతి గృహంపై సమీక్ష

మా ప్రాంతంలో ఒక పాస్టరు మూడు నెలలు సెలవు పెట్టాడని తెలిస్తే సంఘస్థులు అడిగే ప్రశ్నలు మూడే: అయ్యగారికి ఒంట్లో బాగోలేదా, బదిలీ అయిందా, లేక పైవాళ్లతో ఏదైనా గొడవ జరిగిందా. చదువుకోవడానికో, ఇతర సంఘాలను చూసి రావడానికో సెలవు తీసుకోవడం మనకు అలవాటు లేని సంగతి. లేవీయకాండము 25వ అధ్యాయంలో ఏడేళ్లకొకసారి పొలాన్ని బీడుగా వదిలి దానికి కూడా విశ్రాంతి ఇవ్వాలని ఉన్న మాట మీద నేను చాలాసార్లు ప్రసంగించాను గాని, 19 ఏళ్ల సేవలో వరుసగా రెండు ఆదివారాలు పల్పిట్ ఎక్కకుండా ఉన్నది ఒక్కసారే, అదీ నాకు కోవిడ్ సోకినప్పుడు. ఇలాంటి సుదీర్ఘ సెలవును సబాటికల్ అంటారని కళాశాల అధ్యాపకుల నోట విన్నదే తప్ప అది నా దాకా వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఈసారి దానిని అడిగి మరీ తీసుకోవడానికి కారణం ఉంది. నేను సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) కాపరిని. డెల్టాలో ఒక చిన్న పట్టణమూ, దాని చుట్టూ ఉన్న ఆరు ఊళ్ల సంఘాలూ కలిపి నా పాస్టరేట్. పదేళ్లలో మా రిజిస్టరులో కుటుంబాల సంఖ్య తగ్గలేదు, కొద్దిగా పెరిగింది కూడా. ఆదివారం ఉదయం గుడిలో కూర్చునేవారు మాత్రం దాదాపు సగమయ్యారు. ఆ మిగిలిన సగం ఎక్కడికి వెళుతోందో మా పెద్దలందరికీ తెలుసు, కమిటీలో మాత్రం ఎవరూ పైకి అనరు. బస్టాండు వెనుక రేకుల షెడ్డులో ఒక ప్రార్థనా మందిరం ఉంది, ఎరువుల దుకాణం మేడ మీద మరొకటి ఉంది, ఇవి రెండూ కాకుండా ఇంట్లోనే టీవీకి ఫోను కలిపి హైదరాబాదు ప్రసంగం పెట్టుకుని కూర్చునే కుటుంబాలున్నాయి. ఈ మార్పును తిట్టుకుంటూ పదవీ విరమణ దాకా నెట్టుకురావడం కంటే ఒకసారి వెళ్లి చూసి రావడం మేలనిపించి, జూలై మొదటి వారం నుంచి 12 ఆదివారాలు సెలవు అడిగాను. ఆ పర్యటనకు ప్రణాళిక వేసుకోవడంలో పాస్టర్లకు సాయపడతామని చెప్పే ఒక విశ్రాంతి గృహంలో మొన్న ఫిబ్రవరిలో ఆరు రాత్రులు గడిపాను. ఈ సమీక్ష దాని గురించే. దాని పేరు రాయడం లేదు. లోపాలు కూడా చెప్పవలసి ఉంది, నడిపేవారేమో ఇద్దరే మనుషులు.

సికింద్రాబాదు దాటి కొంతదూరం వెళ్లాక, వేప చెట్ల మధ్య పాత మిషన్ బంగళా లాంటి ఇల్లు అది. ఎత్తైన కప్పు, చుట్టూ వరండా, నాలుగు గదులు, వెనుక వంటిల్లు. రోజుకు 1,200 రూపాయలకు గది, మూడు పూటల భోజనం, ఉదయం సాయంత్రం టీ, రోజుకొక గంట ప్రణాళికపై చర్చ. ఆదివారం సంఘాలను చూపించే కారుకు విడిగా 2,800 తీసుకుంటారు. ఆ వారం మేము ముగ్గురం పాస్టర్లం ఉన్నాం గనుక పంచుకున్నాం. నాతో ఉన్నవారిలో ఒకరు లూథరన్, ఒకరు బాప్టిస్టు. ఏ మిషను ఏ జిల్లాలో పనిచేయాలో ఒకప్పుడు మిషనరీలు పంచుకున్నారు. ఒకే బల్ల దగ్గర మా ముగ్గురినీ చూసి, 'మిషనరీలు పంచుకున్న జిల్లాలన్నీ ఇక్కడ ఒక పప్పుగిన్నె చుట్టూ చేరాయి' అని నవ్వారు చర్చ నడిపే పెద్దాయన. ఆయన వేదాంత కళాశాలలో పాఠాలు చెప్పి విరమించినవారు, అందరూ మాస్టారనే పిలుస్తారు.

ఈ సేవలో డబ్బుకు తగిన విలువ ఎక్కడ ఉందంటే, నా మటుకు మొదటి సాయంత్రమే ఉంది. నేను ఇంటి దగ్గర నుంచే ఒక గళ్ల నోటుబుక్కులో ప్రణాళిక రాసుకుని తీసుకెళ్లాను. అందులో 23 సంఘాల పేర్లున్నాయి. మెదక్ కెథీడ్రల్ నుంచి హఫీజ్‌పేటలో వేలమంది ఒకేసారి కూర్చునే కల్వరి టెంపుల్ దాకా, గుంటూరు లూథరన్ సంఘాల నుంచి బెంగళూరు, చెన్నైలలోని తెలుగు సంఘాల దాకా, చివరికి డబ్బు కుదిరితే కువైట్ కూడా రాసుకున్నాను. మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి జరిపి పుస్తకాన్ని దగ్గరగా పెట్టుకుని రెండు పేజీలూ చదివి, 'అయ్యగారూ, ఇది బస్టాండులో బోర్డులా ఉందండీ' అన్నారు. ఆ తరువాత ఒక ఎర్ర పెన్సిలు నా చేతికిచ్చి, ప్రతి పేరు పక్కన రెండే సంగతులు రాయమన్నారు: అక్కడ నేను ఎవరిని అడుగుతాను, ఏమి అడుగుతాను. వరండాలో దోమలు కుడుతుంటే గంటకు పైగా కూర్చున్నాను. 23 పేర్లలో నాలుగింటి పక్కన మాత్రమే ఏదో ఒకటి రాయగలిగాను. మిగిలిన 19 చోట్లకు నేను వెళ్లాలనుకున్నది ఫోటో కోసమని నాకే తెలిసిపోయింది.

మెదక్ సంగతే తీసుకుంటే, మిషనరీ చార్లెస్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టించి, కరవు రోజుల్లో పనివారికి కూలిగా తిండిగింజలిస్తూ కట్టించి, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేయించిన ఆ మందిరాన్ని, 175 అడుగుల గోపురాన్ని, రంగుటద్దాల కిటికీలను చూడడానికి ఎవరైనా వెళ్లవలసిందే. అయితే చూడడానికి వచ్చేవారిలో క్రైస్తవేతరులు చాలామంది ఉండే చోట, మారుతున్న సంఘం గురించి ఏమి తెలుసుకోవచ్చునని మాస్టారు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాక ఒకటి తట్టింది: క్రైస్తవం తీసుకోకుండానే అక్కడికి వచ్చి కొవ్వొత్తి వెలిగించి, కొబ్బరికాయ కొట్టవచ్చా అని అడిగే కుటుంబాలతో మాట్లాడవచ్చు. ఆ విధంగా మెదక్ మిగిలింది గాని, వెళ్లవలసిన రోజు ఆదివారం నుంచి మామూలు వారానికి మారింది. ఇలాంటి సవరణలు చేయించడంలో ఆ మనిషికి ఉన్న ఓపిక, నేను చూసిన ఏ సెమినారులోనూ లేదు.

కువైట్ విషయంలో ఆయన ఇంకా నిక్కచ్చిగా ఉన్నారు. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో అనేక భాషల సంఘాలు వేళలు పంచుకుని ఆరాధించుకుంటాయని, అక్కడ సెలవు రోజు శుక్రవారం గనుక ఆరాధనలు ఆ రోజున ఎక్కువగా జరుగుతాయని నేను చదివి ఉన్నాను. 'మీ కోనసీమ నుంచి, కడప నుంచి ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లలో ఎంతమందికి ఆ శుక్రవారం సెలవు దొరుకుతుందో ముందు కనుక్కోండి. వాళ్లు రెండేళ్లకొకసారి ఊరికి వస్తారు కదా, అప్పుడు వాళ్లింటికే వెళ్లండి, విమానం ఖర్చుండదు' అన్నారు. మా పాస్టరేట్‌లోనే అలాంటి కుటుంబాలు 11 ఉన్నాయి. వాళ్లు అక్కడ ఫోనులో ఎవరి ప్రసంగం వింటారో, ఎవరికి కానుక పంపుతారో నేను ఏనాడూ అడగలేదు.

రెండో రోజు చర్చంతా సంఘం గురించే సాగింది. అంటే నేను చూడబోయే సంఘాల గురించి కాదు, నేను వదిలి వెళ్లబోయే సంఘం గురించి. అమెరికాలో ఇండియానాపోలిస్‌కు చెందిన లిల్లీ ఎండోమెంట్ సంస్థ పాస్టర్ల విశ్రాంతి కాలానికి డబ్బు ఇచ్చే పద్ధతిని మాస్టారు ఉదాహరణగా చెప్పారు. ఆ నిధిని పాస్టరు చేతికి కాకుండా సంఘానికి ఇస్తారు. పాస్టరు లేని కాలంలో సంఘం నడవడానికయ్యే ఖర్చు కూడా అందులో కలిసి ఉంటుంది. మనకు అలాంటి నిధి లేకపోయినా ఆ వరుసను పాటించవచ్చునని, సెలవు ఉత్తరాన్ని పాస్టరు కాక పాస్టరేట్ కమిటీయే రాయాలని, దానిని మూడు ఆదివారాలు గుడిలో చదివించాలని, ఆరు ఊళ్లలో ఎవరు ఏ వారం వాక్యం చెబుతారో, ఎవరైనా పోతే సమాధి కార్యక్రమం ఎవరు చేస్తారో కాగితం మీద పెట్టాలని ఆయన చెప్పిన మాటలు నాకు బాగా పనికొచ్చాయి. ఈ పని నేను ముందే చేసి ఉంటే, సెలవు మాట బయటికి రాగానే నా కిడ్నీలు పాడయ్యాయని మా సంఘంలోని మహిళల బృందం, స్త్రీల మైత్రి, ఉపవాస ప్రార్థన పెట్టవలసి వచ్చేది కాదు.

మూడో రోజు గురించి త్వరగా చెప్పి ముగిస్తాను. బయటి నుంచి ఒక వక్తను పిలిచి, సంఘాభివృద్ధి గురించి రెండు గంటలు స్లైడ్లు చూపించారు. కుర్చీలు పెరిగితే సంఘం పెరిగినట్టు, తగ్గితే చచ్చినట్టు సాగిన ఆ ప్రసంగం ఈ ఇంటి పద్ధతికే విరుద్ధం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం, అంటే సుమారు 11.3 లక్షలని ఒక స్లైడు చూపించి, 2001లో 1.55 శాతం ఉండేవారు గనుక సంఘాలు కుంచించుకుపోతున్నాయని ఆయన తేల్చేశారు. ఏ ఊరి గుడిలో పదేళ్లు పనిచేసిన కాపరికైనా ఆ లెక్క ఎందుకు అలా ఉంటుందో తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఉండదు; ఆ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ గ్రూపు కింద ఒక్క శాతం రిజర్వేషనులోకి వస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం ఆ ఒక్క గడి మీద ఆధారపడి ఉన్నప్పుడు జనాభా లెక్కలు రాసుకోవడానికి వచ్చిన ఎన్యూమరేటరు ముందు ఎవరు ఏమి చెబుతారో ఊహించడం కష్టం కాదు. బాప్టిస్టు సోదరుడు లేచి ఇదే మాట మర్యాదగా అంటే వక్త, 'అది వేరే సబ్జెక్టు' అని తరువాతి స్లైడుకు వెళ్లిపోయారు. అది వేరే సబ్జెక్టు కాదు. రిజిస్టరులో ఉన్న మనిషి, కాగితంలో ఉన్న మనిషి, ఆదివారం కూర్చున్న మనిషి ఒక్కరే అయి కూడా మూడు చోట్ల మూడు రకాలుగా కనిపించడమే నేను తెలుసుకోవడానికి బయలుదేరిన విషయం. ఆ రెండు గంటలకు విడిగా రుసుము తీసుకోలేదన్నది ఒక్కటే ఊరట.

ఇక ఆదివారం. కారులో ఒక్క రోజున మూడు సంఘాలకు తీసుకెళతారు. నియమాలు ముందు రోజు రాత్రే చెబుతారు: పాస్టరు తెల్లంగీ వేయకూడదు, మెడకు పాస్టరు కాలరు పెట్టకూడదు, ముందు వరుసలో కూర్చోకూడదు, ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పకూడదు. వచ్చినవారిని లెక్కపెట్టకండి, గుమ్మం దగ్గర చెప్పులు చూడండి అన్నారు మాస్టారు. ఏమి చూడాలో అప్పుడు నాకు అర్థం కాలేదు.

తెల్లవారుజామున వెళ్లింది నగరంలోని ఒక పెద్ద సంఘం. పార్కింగు చూపించడానికే పదుల సంఖ్యలో యువకులు జాకెట్లు తొడుక్కుని నిలబడ్డారు. మంచినీళ్లు, మరుగుదొడ్లు, పసిపిల్లల తల్లులకు వేరే గది అన్నీ పద్ధతిగా ఉన్నాయి. పాటల మాటలు తెర మీద వస్తున్నాయి, కనుక చేతిలో పుస్తకం ఉన్నవారు నా చుట్టుపక్కల ఒక్కరూ లేరు. ప్రసంగం గంటకు పైగా సాగినా ఒక్కరూ లేవలేదు, చాలామంది నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. మా గుడిలో 20 నిమిషాలు దాటితే గడియారం చూసే జనమే అక్కడ గంట సేపు రాసుకుంటారు. ఈ ఒక్క సంగతి మీద నేను ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. పది గంటలకు చూసిన రెండోది వందేళ్లు దాటిన రాతి గుడి, మా తీరులోనే నడిచే ఆరాధన; అక్కడ నాకు కొత్తగా తెలిసింది తక్కువ. కీర్తనల సంఖ్యలు చెక్క పలక మీద వేలాడుతున్నాయి, పెద్దవాళ్లు నోటికి పాడుతున్నారు, వెనుక బల్లల్లో పిల్లలు ఫోన్లలో ఉన్నారు. చెప్పుల సంగతి ఇక్కడే కొంచెం తెలిసింది: గుమ్మం దగ్గర ఒక్క జత కూడా లేదు, ఎందుకంటే అందరూ బూట్లతో లోపలే కూర్చున్నారు.

మూడోది సాయంత్రం నాలుగింటికి, టైర్ల దుకాణం మీద అద్దెకు తీసుకున్న హాలులో. ఇనుప మెట్లు ఎక్కి వెళ్లేసరికి మెట్ల మీదనే చెప్పులు మొదలయ్యాయి; రబ్బరు చెప్పులు, పిల్లల బడి బూట్లు, సిమెంటు అంటిన ఒక జత పెద్ద బూట్లు. లోపల నలభై మంది కంటే ఎక్కువ ఉండరు. పాస్టరమ్మగారు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలోంచి ఒకటి లాగి వేస్తుంటే, ఇంటర్మీడియెట్ చదివే కుర్రాడొకడు కీబోర్డు ముందు ఫోను నిలబెట్టి పాట వెతుక్కుంటున్నాడు. నా పక్కన చాప మీద యాభై ఏళ్లామె కూర్చుంది. ఆమె ఒళ్లో పసుపుపచ్చ కవరు, దానిలో మా 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం, అట్ట ఊడిపోతే బ్రౌను కాగితంతో కుట్టి ఉంది. ఆ ఆరాధనలో ఆ పుస్తకం ఎవరికీ అక్కరలేదు, అయినా ఆమె తెచ్చుకుంది. ఫోను పాటలు మూడు అయ్యాక, పాస్టరుగారు ఎవరైనా పాడతారా అని అడిగినప్పుడు, ఆమె పుస్తకం విప్పకుండానే పాత కీర్తన ఒకటి ఎత్తుకుంది. కీబోర్డు కుర్రాడికి ఆ రాగం తెలియదు. రెండో చరణానికి వచ్చేసరికి చేతులు తీసేసి ఊరుకున్నాడు, అంతే బాగుంది.

ఆరాధన మధ్య విరామంలో ఆమెతో మాటలు కలిశాయి. 'మా పేర్లు పెద్ద గుళ్లోనే ఉన్నాయి బ్రదర్ గారూ, చందా తప్పకుండా కడతాం. రేపు పెళ్లికైనా మట్టికైనా అక్కడికే కదా పోవాలి, వీళ్లకి సమాధుల తోట లేదు. వారం వారం మాత్రం ఇక్కడికి వస్తాం. ఇక్కడ మా అబ్బాయి పేరు పెట్టి ప్రార్థన చేస్తారు' అంది. మీరేం చేస్తుంటారని అడిగితే చెప్పేశాను, అబద్ధం ఆడకూడదన్నది నియమం కదా. ఆమె వెంటనే కొంగు తల మీదికి లాక్కుని, కాళ్లు దగ్గరికి ముడుచుకుని, 'అయ్యగారా! మా అయ్యగారితో చెప్పకండేం' అంది. అప్పటిదాకా పది నిమిషాలు మాట్లాడిన మనిషి ఆ తరువాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కొడుకు ఏమయ్యాడో, ఏ కష్టంలో ఉన్నాడో నాకు తెలియనే లేదు. నా పాస్టరేట్‌లో పెద్ద గుడికీ, రేకుల షెడ్డుకూ మధ్య సగం మంది ఎలా ఉంటున్నారో 19 ఏళ్లలో నాకు ఎవరూ చెప్పకపోవడానికి కారణం ఆ కొంగులో కనిపించింది. వాళ్లు మా సంఘాన్ని వదిలిపెట్టలేదు. బతికినన్నాళ్ల ఆదివారాలు ఒకచోట, పెళ్లీ సమాధీ ఒకచోట పెట్టుకున్నారు.

సరిగ్గా ఇక్కడే ఈ సేవలోని పెద్ద లోపం చెప్పాలి. ముగింపు ప్రార్థన ఇంకా కాకముందే కింద కారు హారను మోగింది. డ్రైవరుకు ఏడింటికి వేరే సవారీ ఉందట. ఇనుప మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ దిగుతుంటే పైన అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. ఒక్క రోజులో మూడు ఆరాధనలు చూపించాలన్న తాపత్రయం ఎందుకో నాకు అర్థం కాలేదు. 23 పేర్ల జాబితాను నా చేత కొట్టించినవారే ఆదివారం నాడు నన్ను బస్టాండు బోర్డు ప్రకారం తిప్పారు. రెండు సంఘాలు చాలు, మూడోదానిలో భోజనం దాకా ఉండనివ్వాలి. ఈ మాట వెళ్లే ముందు అభిప్రాయాల పుస్తకంలో రాసి వచ్చాను.

చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. గ్రంథాలయమని చెప్పే గదికి తాళం ఉంటుంది, తాళంచెవి వంటమ్మ దగ్గర ఉంటుంది, ఆమె మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిద్రపోతుంది, మనకు చదువుకోవడానికి ఖాళీ దొరికేది ఆ రెండు గంటలే. పుస్తకాల్లో తెలుగువి ఒక అర కంటే తక్కువ. గదిలో పెట్టే ప్రణాళిక పుస్తకం ఎవరో విదేశీ నమూనాను మక్కికి మక్కి దించినట్టుంది: 'మీ అభిరుచులను తిరిగి కనుగొనండి' అని ఒక పేజీ నిండా గీతలు గీసి ఇచ్చారు, సెలవు కాలంలో జీతం వస్తుందా రాదా, పాస్టరు బంగళాలో ఉండవచ్చా, పిల్లల బడి సంగతేమిటి అన్నవాటికి ఒక్క గీత కూడా లేదు. అన్నిటికంటే నాకు నచ్చనిది, అమ్మగారి ప్రస్తావన ఎక్కడా లేకపోవడం. మన సంఘాల్లో పాస్టరు భార్యకు జీతం ఉండదు గాని పని ఉంటుంది. అయ్యగారు సెలవులో ఉన్నా స్త్రీల మైత్రి, సండే స్కూలు, గుమ్మంలోకి వచ్చే కష్టాలు ఆమెకు తప్పవు. మాస్టారిని అడిగితే కాసేపు మాట్లాడకుండా, 'నా భార్య కూడా ఇదే అడిగేదండీ' అన్నారు. జంటలకు గది ఇస్తారా అంటే ఇస్తారట, కాని ప్రకటనలో ఎక్కడా రాయలేదు.

భోజనం బాగుంది, పప్పు, ఒక కూర, చారు, మజ్జిగ, ఆదివారం రాత్రి కోడికూర. సాంబారు మాత్రం వరుసగా నాలుగు రోజులు ఒకటే. వేడినీళ్లు పొద్దున ఏడు దాటాక వస్తాయి, వాక్యధ్యానానికి నాలుగింటికి లేచే అలవాటున్న మా బాప్టిస్టు సోదరుడు ఆరు రోజులూ చన్నీళ్లే పోసుకున్నాడు. ఇంటికి వచ్చాక ఏడాది పాటు ఫోనులో సలహా ఇస్తామని రాసి ఉంది. ఇప్పటికి మూడు నెలల్లో రెండుసార్లు చేశారు, రెండోసారి నేను గుర్తు చేస్తేనే.

ఇన్ని చెప్పాక కూడా అక్కడి నుంచి తెచ్చుకున్న ప్రణాళిక చూసుకుంటే నాకు తృప్తిగానే ఉంది. మొదటి రెండు వారాలు ఏ సంఘమూ లేదు, మా అత్తగారి ఊరు. తరువాతి మూడు ఆదివారాలు మా పట్టణంలోనే: రేకుల షెడ్డు, ఎరువుల దుకాణం మేడ, ఆ తరువాత టీవీ ముందు కూర్చునే ఒక ఇంట్లో, వాళ్లతో పాటు. ఆ షెడ్డు పాస్టరుగారిని ముందుగానే కలిసి చెప్పాను. ఆయన నమ్మడానికి రెండు టీలు పట్టింది. అటుపైన రెండు ఆదివారాలు డోర్నకల్, దాని చుట్టుపక్కల ఊళ్లు. 1912లో బిషప్ అయిన తొలి భారతీయ ఆంగ్లికన్ వి.ఎస్. అజరయ్య, గుడి అంటే ఇంగ్లండు గుడిలాగే ఉండాలన్న రోజుల్లో, ఇక్కడి దేవాలయాల స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ కలిపి అక్కడ కెథీడ్రల్ కట్టించి 1939లో ప్రతిష్ఠించారు. పాత పద్ధతి అని మేము కాపాడుకుంటున్నది కూడా ఒకనాటి కొత్తే అన్నది చూడడానికి దాన్ని ఉంచాను. హైదరాబాదులో రెండు ఆదివారాలు: ఒకటి పెద్ద సంఘంలో, ఒకటి సువార్తికుడు భక్త్ సింగ్ గారు 1950లో మొదలుపెట్టిన హెబ్రోను అనే సంఘంలో. అక్కడ నేల మీద కూర్చుని గంటల తరబడి ఆరాధించి, చివర అందరూ కలిసి ప్రేమవిందు చేస్తారు. మా వాళ్లను బయటికి లాగిన తొలి గాలి ఈ కొత్త టీవీ సంఘాలది కాదు, డెబ్బై ఏళ్ల కిందట వీచిన ఆ గాలి అని మా నాన్నగారు అనేవారు.

ఆ తరువాతి ఆదివారం ఒంగోలు వైపు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి మా పాఠాల్లో ఎప్పుడూ గొప్ప సంఖ్యగానే చెబుతారు. దానికి ముందు కరవులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ ఆగిన నెలల్లో జనం ఏమి చేశారో, ఎవరింట్లో కూడుకున్నారో తెలిసిన ముసలివాళ్ల మనవలు ఇంకా ఉన్నారని బాప్టిస్టు సోదరుడు చెప్పాడు. తన ఇంట్లోనే బస ఇస్తానన్నాడు. మిగిలిన రెండు వారాలు రాసుకోవడానికి. సెప్టెంబరు 27న, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన రోజున, మా గుడిలో మళ్లీ పల్పిట్ ఎక్కాలి. మెదక్‌కు వారం మధ్యలో ఒక బుధవారం. కువైట్ జాబితాలో లేదు, ఆ 11 ఇళ్లు ఉన్నాయి.

ఎవరికి సిఫారసు చేస్తానంటే, సెలవు మంజూరైన పాస్టరుకు కాదు, అడగాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న పాస్టరుకు. మంజూరయ్యాక వెళితే తేదీలన్నీ బిగిసిపోయి ఉంటాయి, ఎర్ర పెన్సిలు పనిచేయదు. ఈస్టరుకు ముందు వచ్చే లెంటు రోజుల్లోనూ, మే నెలలో సెలవు బైబిలు బడులప్పుడూ ఖాళీ తేలికగా దొరుకుతుంది, అప్పుడు మనలాంటివారు రారు గనుక. డబ్బు ముందుగా సగం కట్టాలి, రసీదు అడిగితేనే ఇస్తారు. వెళ్లేటప్పుడు దోమతెర పట్టుకెళ్లండి. గది అడిగేటప్పుడు రెండోది కావాలని గట్టిగా చెప్పాలి. మొదటి గది కిటికీ జనరేటరు వైపు తెరుచుకుంటుంది.